పక్కచేను కింద నీళ్లు

తిప్పేస్వామికి తాను రాసే ప్రోగ్రాముల మీద ఎంత ప్రేమో, వాటిని వాడే జనం మీద అంత చులకన. పక్షానికొకసారి సంస్థ తరఫున అందరి ఫోన్లకూ ఒక 'అప్‌డేట్' పంపడం అతని ఉద్యోగంలో భాగం. కొత్తగా ఏం చేర్చాం, ఏ తప్పు దిద్దాం అనేది నాలుగు వాక్యాల్లో మర్యాదగా చెప్పాలి. "మీ కోరిక మేరకు అక్షరాలు పెద్దవి చేశాం" అని రాసి పంపించేసి, పక్క కుర్చీల్లోవాళ్ల వైపు తిరిగి, "చదివే ఉద్దేశమే లేనివాళ్లకు అక్షరాలు ఎంతుంటే ఏమిటి?" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వు అతనికి బాగుండేది.

సంస్థ అనంతపురం ఊరి బయట, మూతపడిన వేరుశనగ నూనె మిల్లులో ఉండేది. ఎండాకాలం వస్తే గోడలు ఇప్పటికీ శనగచెక్క వాసన కొట్టేవి. సంస్థ పేరు 'పాతాళదర్శిని'. ఆ పేరు పెట్టింది డైరెక్టర్ డాక్టర్ రఘోత్తమ్. నేల కింద నీటిని పట్టిచ్చే పరికరాన్ని తయారుచేసింది కూడా ఆయనే అని పత్రికల్లో వచ్చింది. నిజానికి దాన్ని తయారుచేసిన భౌతిక శాస్త్రవేత్త ఆయనతో వేగలేక ఎప్పుడో రాజీనామా చేసి వెళ్లిపోయింది. రఘోత్తమ్ సొంతంగా కనిపెట్టగలిగింది, గదిలో కెమెరా ఎటువైపు ఉందనేది ఒక్కటే. అందులో మాత్రం ఆయన ఏనాడూ పొరబడలేదు.

పరికరం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మణికట్టంత లావు, మనిషంత పొడుగు ఉన్న ఉక్కు గొట్టం. దాన్ని భూమిలో బాగా లోతుకు దింపాలి. మరో చోటైతే ఆ రంధ్రాలు తొలవడానికే ఏళ్లు పట్టేది. ఆ జిల్లాలో ఆ శ్రమ లేదు. నీళ్లు పడక వదిలేసిన బోర్లు ప్రతి చేలోనూ సిద్ధంగా ఉన్నాయి.

మొట్టమొదటి గొట్టాన్ని తిప్పేస్వామి తన అక్క ఊరు ఎర్రగుంతపల్లిలో దింపించాడు. అక్క గంగరత్నమ్మకూ, బావ ఆదెప్పకూ అక్కడ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. తోటలో ఒక బోరు పారుతోంది. మిగతావి ఎండిపోయి, పైన బండరాళ్లు కప్పుకుని ఉన్నాయి. కూలీలు రాయి పక్కకు దొర్లించి, తాడు కట్టిన గొట్టాన్ని మెల్లగా లోపలికి వదులుతుంటే గంగరత్నమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని దగ్గరికి వచ్చింది.

"ఇదేందిరా, పామును పుట్టలోకి తోలినట్ల తోలుతాండారు?"

"ఆకాశం నుంచి కంటికి కనపడని కణాలు వానమాదిరి పడుతుంటాయక్కా. నీ మీదా నా మీదా పడి, నేల్లోకి కూడా దూరిపోతాయి. దారిలో నీళ్లుంటే కొన్ని ఆడే ఆగిపోతాయి. అడుగుదాకా ఎన్ని వచ్చినాయో ఈ గొట్టం లెక్క పెడుతుంది. తక్కువ వచ్చినాయంటే పైన నీళ్లు ఉన్నట్ల."

"కనపడే వానే పడకపాయె. కనపడని వానను నువ్వు లెక్కపెడితే నాకేం వచ్చె?"

"నీకేం తెలుసే, ఊరికే ఉండు" అని ఆదెప్ప కసురుకున్నాడు. బామ్మర్ది చేసే పని ఏమిటో ఆదెప్పకూ అర్థం కాలేదు. కానీ సంస్థవాళ్ల జీపు తన తోటలో ఆగడం, పక్క చేను మారెన్న గట్టు మీద నిలబడి చూడ్డం అతనికి తృప్తిగా ఉంది.

చుట్టుపక్కల ఊళ్లన్నిటా గొట్టాలు దిగాయి. ఒక్కో ఊరి గొట్టాల అంకెలను పోగుచేసి పంపడానికి ఆ ఊరి బడి మిద్దె మీద ఒక పెట్టె బిగించారు. అవి అనంతపురం చేరాక జనం చూసుకోవడానికి వీలుగా అమర్చే పని తిప్పేస్వామిది.

అతను చేసిన మొదటి రూపం నిజంగా మంచిది. ఏ చేను, ఎంత లోతు, ఏ నెల అని ఎంచుకుంటే అంకెలు బారులు తీరేవి. పోయిన ఏటితో పోల్చుకోవచ్చు. ప్రతి అంకె పక్కనా, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే మరో చిన్న అంకె ఉండేది. ఆ చిన్న అంకె కోసం అతను తిండి కూడా సరిగా తినకుండా పనిచేశాడు. తెరిచి చూసినవాళ్లు తెరిచినంత వేగంగా మూసేశారు. ఒకాయన, "ఇది కరెంటు బిల్లా?" అని అడిగాడు. ఇంకొకాయన తన కూతురి పెళ్లి ఫొటోలు పంపాడు, ఎందుకో తెలియదు.

"తిప్పేస్వామీ, జనం అంకెలు చూడరయ్యా. రంగు వెయ్యి" అన్నాడు రఘోత్తమ్.

తిప్పేస్వామి రంగు వేశాడు. నీళ్లున్నాయని గట్టిగా తెలిసినచోట ముదురు నీలం, అనుమానం ఉన్నచోట లేత నీలం, ఏమీ తెలియనిచోట ఖాళీ.

"ఈ లేతరంగేమిటి? పాలిపోయినట్టుంది. అనుమానం మనకుంటే మనం దాచుకోవాలి గానీ జనానికి పంచుతామా? నీలం ఉంటే నీలం, లేకపోతే మట్టిరంగు. అంతే."

తిప్పేస్వామి వాదించాడు. ఓడిపోయాడు. చివరికి లేతనీలం తీసేసి, "మ్యాపు మరింత స్పష్టంగా చేశాం" అని అప్‌డేట్ పంపాడు. తన తిట్లన్నీ మనసులోనే డైరెక్టర్‌కు సగం, జనానికి సగం పంచాడు.

ఆ మ్యాపును మాత్రం జనం వదల్లేదు. టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో ఫోన్లు బయటికి తీసి వేళ్లతో నేలను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు. ఎవరు ఏం వెతుకుతున్నారో సంస్థలో నమోదయ్యేది. ఒకరోజు మధ్యాహ్నం తిప్పేస్వామి ఆ నమోదును తిరగేస్తూ ఉండగా ఒక సంగతి కంటబడింది. మనిషి ఫోను నంబరు దగ్గర వాడి చేను సర్వే నంబరు ఉంటుంది. వాడు మొదట వెతికింది ఆ నంబరు కాదు, దాని పక్కది. పొరపాటేమోనని ఇంకొకరిది చూశాడు. వాడూ అంతే. పంతుళ్లు, పూజారులు, పాలకేంద్రం ప్రెసిడెంటు, ఒకే కంచంలో తిన్నామని చెప్పుకునే అన్నదమ్ములు. సొంత చేను కింద ఏముందో చూసుకునేముందు అందరూ పక్కచేను కింద ఏముందో చూశారు. కొందరైతే సొంత చేను అసలు చూడనేలేదు.

తిప్పేస్వామి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "సార్, మనం పరిశోధించాల్సింది నీళ్లను కాదు, వీళ్లను" అని రఘోత్తమ్‌కు చూపించాడు. ఆయన నవ్వలేదు. ఆయన కళ్లు మెరిశాయి.

"అంటే జనానికి ఏం కావాలో తెలిసిపోయిందన్నమాట. మెసేజీలు ఏమంటున్నాయి?"

మెసేజీలన్నీ ఒకటే అడుగుతున్నాయి. పక్కోడి బోరు నా నీళ్లు లాగుతోందా? చూపించండి.

చూపించడం కష్టమేమీ కాదు. ఈ రోజు అంకెలను నిన్నటి అంకెలతో పోల్చితే, ఏ మోటారు ఆడినప్పుడు ఏ చేను కింద నీరు కదిలిందో తెలుస్తుంది. అంతదాకా తిప్పేస్వామి ఆ పని ఎందుకు చేయలేదంటే, దాని గురించి అతను ఆలోచించనేలేదు. ఇప్పుడు ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ హుషారు పుట్టింది. 'అడిగారు కదా, చూపిద్దాం. ఒకడి బుద్ధి ఒకడు చూసుకోనీ' అనుకున్నాడు. పట్టుబట్టి త్వరగానే పూర్తిచేశాడు. ప్రతి బోరు దగ్గరికీ నీరు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో ఎర్రటి బాణాలు చూపిస్తాయి. వేలితో బోరును తాకితే చాలు. అప్‌డేట్‌లో, "ఇకపై మీ నీరు ఎటు పోతోందో మీరే తెలుసుకోవచ్చు" అని రాశాడు. రాసి, పక్క కుర్చీల్లోవాళ్లతో, "ఇంక చూడండి తమాషా" అన్నాడు.

తమాషా ఎర్రగుంతపల్లిలోనే మొదలైంది.

అక్క ఫోను చేసేసరికి అతను ఆఫీసు క్యాంటీన్లో పులిహోర తింటున్నాడు.

"మన బోరులో రాళ్లు వేసినారురా" అంది గంగరత్నమ్మ. గొంతులో ఏడుపు లేదు. "మారెన్న వేసినాడు. వేసినానని వాడే ఊరంతా చెప్పుకుంటాండాడు. మీ బోరుకాడికి బాణం నా చేను కిందినించే పోతాంది, ఫోన్లో ఉండాది చూడండి అని అందరికీ చూపిస్తాండాడు."

తిప్పేస్వామి బస్సెక్కి వెళ్లాడు. మోటారు బిగుసుకుపోయి, కేసింగ్ పైపు నోట్లో కంకరరాళ్లు కనిపిస్తున్నాయి. అది పారినన్నాళ్లూ పచ్చగా నిగనిగలాడిన తోటలో చీనీ ఆకులు దోసిళ్లలా ముడుచుకున్నాయి. మారెన్న తన గట్టు మీదే ఉన్నాడు. దాక్కునే ప్రయత్నమేమీ చేయలేదు.

"ఏమప్పా ఇంజనీరూ, నీ ఫోను చెప్పినాదే గదా నేను చేసినాను? ఇన్నేండ్లు నా టమాటా ఎండిపోతే నా తలరాతనుకొంటి. రాత కాదు, మీ బావ మోటారు అని నువ్వే చూపించినావు. నీకు దండం పెట్టాల."

"నేను చూపించింది తెలుసుకోవడానికి. రాళ్లు వేయడానికి కాదు."

"తెలుసుకొని ఏం చేసేది? పటం కట్టి గోడకు తగిలించేదా?"

 ఆ మాటకు తిప్పేస్వామికి మారెన్న మీద అసహ్యం వేసింది. 'వీడికి పరికరమూ ఒకటే, గడ్డపారా ఒకటే' అనుకున్నాడు.

ఆదెప్ప అప్పటికే బోరు బండిని పిలిపించాడు. బండి దారిలో ఉంది. బామ్మర్దిని తోట మధ్యకు లాక్కుపోయి, "యాడ వేయాల్నో చూపించు" అన్నాడు. "జనాలు చూసే బొమ్మ కాదు. నీకాడుండే అసలు లెక్క చూసి చెప్పు. వాని చేను కింద ఒక్క చుక్క మిగలకూడదు."

"అట్ల మాట్లాడొద్దు బావా."

"వాడు నీ అక్క నోట్లో రాళ్లేసినాడు. నువ్వు మాటలు చెప్తాండావు."

తిప్పేస్వామి ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో అసలు అంకెలన్నీ ఉన్నాయి, రఘోత్తమ్ తీయించేసిన లేతనీలంతో సహా. ఆదెప్ప తోట ఈశాన్య మూలన, చాలా లోతులో, మంచి నీటిపొర ఉంది. అది మారెన్న చేను కింది నుంచి సాగి, ఊరి బడి వెనకనున్న మంచినీళ్ల బోరు దాకా పోతోంది. బడి దగ్గరికి వచ్చేసరికి రంగు లేతగా ఉంది. అంటే కలిసి ఉండవచ్చు, లేకపోవచ్చు. మామూలు రోజైతే అతను ఆ అనుమానం తీరేదాకా నోరు విప్పేవాడు కాదు. ఆ రోజు గట్టు మీద మారెన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ నిలబడ్డ తీరు చూస్తే అతనికి ఒళ్లు మండింది.

"ఈడ వేయించు" అని కాలితో గీత గీశాడు.

నీళ్లు పడ్డాయి. బురద ఎగజిమ్మి, తర్వాత తెల్లటి ధార లేచింది. ఆదెప్ప ఆ ధారలో తడుస్తూ మారెన్న వైపు తిరిగి మీసం మెలేశాడు. చుట్టుపక్కలవాళ్లు ఫోన్లతో వీడియోలు తీశారు. రఘోత్తమ్ ఆ వీడియోను సంపాదించి, 'శాస్త్రవిజ్ఞానం ఇచ్చిన కానుక' అని పేరు పెట్టి సంస్థ పేజీలో వేయించాడు.

మామిడిపూత రాలే రోజులకు బడి వెనక బోరు నీళ్లకు బదులు గాలి కక్కింది.

మొదట మారెన్న చేను ఎండింది, తర్వాత ఊరి మంచినీళ్లు పోయాయి. ఊరంతటికీ నీళ్లున్నది ఆదెప్ప తోటలోనే. ఆడవాళ్లు బిందెలతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. గంగరత్నమ్మ పైపు తెచ్చి పెట్టింది. మారెన్న భార్య వంతు వచ్చేసరికి ఆదెప్ప పరుగున వచ్చి పైపు లాగేశాడు. గేటుకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ ఆదివారం తిప్పేస్వామి అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. గంగరత్నమ్మ ఇద్దరికీ రాగిసంగటి, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి వడ్డించింది. తాను తినలేదు. నీళ్ల చెంబు మాత్రం ఎవరి ముందూ పెట్టలేదు. సంగటి గొంతుకు అడ్డంపడి తిప్పేస్వామి దగ్గితే కూడా కదల్లేదు.

"నీళ్లేవే?" అన్నాడు ఆదెప్ప.

"గేటుకు తాళం వేసుకొని నడుముకు కట్టుకొన్నోడు నన్నడుగుతాడా? పోయి తెచ్చుకో." తమ్ముడి వైపు తిరిగింది. "ఈయప్పకు బుద్ధి లేదు, చిన్నప్పటినించి లేదు. నాకు తెలిసే కాపురం చేస్తాండా. నీకేమైందిరా? బడికాడ బోరుకు కూడా తగులుతాదని నీకు తెలుసునా, తెలీదా?"

"గట్టిగా తెలీదక్కా. అనుమానం ఉండె."

"అనుమానం ఉండి కాలితో గీత గీసినావు."

"మీ ఊరోళ్ల సంగతి నీకు తెలీదు. వాళ్లు ఫోన్లలో ఏం వెతుకుతారో నేను చూస్తాండా. అందరూ పక్కోని చేనే చూస్తారు. అసహ్యమేస్తాది."

గంగరత్నమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "వాళ్లు పక్కోని చేను చూస్తాండారు. నువ్వు వాళ్లందర్నీ చూస్తాండావు. నీకంటే వాళ్లే మేలు గదరా, ఒక్కోనితో సరిపెట్టుకొన్యారు" అని కంచం తీసుకుని లేచిపోయింది.

తిప్పేస్వామి ఆఫీసుకు తిరిగి వెళ్లి, ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. గొట్టాలు దింపినప్పటి నుంచీ పోగైన అంకెలన్నిటినీ ఒకచోట చేర్చాడు. లోతుపొరలో నీరు కొన్ని వేల ఏళ్లనాటిది. వాన ఎంత పడ్డా అంత లోతుకు దిగదు. తోడింది తోడినట్టు పోవడమే. ఇప్పుడున్న వేగంతో ఎక్కడ ఎన్ని ఎండాకాలాలకు సరిపోతుందో ప్రతి ఊరికీ కట్టి, దాన్ని అప్‌డేట్‌గా పంపాడు. మొదటిసారి మర్యాదలన్నీ పక్కనపెట్టి, "ఈ నీళ్లు మళ్లీ రావు. దయచేసి కొత్త బోర్లు ఆపండి" అని రాశాడు. ఆ 'దయచేసి' అతను ఊరికే రాసిన మాట కాదు.

దాని ఫలితం తొందరలోనే రోడ్డు మీద కనిపించింది. బోరు బండ్లు వరసగా వస్తున్నాయి. తమిళనాడు బండ్లు, కర్ణాటక బండ్లు, పైపుల మోతతో, వెనక కూలీలు కూర్చున్న లారీలతో. మళ్లీ రావని తెలిసింది కాబట్టి, అయిపోయేలోగా ఎవడి వాటా వాడు తోడుకోవాలని అందరికీ ఒకేసారి తోచింది. ప్రతి బండి డ్రైవర్ ముందూ ఫోను, ఫోన్లో పాతాళదర్శిని మ్యాపు.

తిప్పేస్వామి రఘోత్తమ్ గదికి వెళ్లాడు. "సార్, బాణాలు తీసేద్దాం. రంగు కూడా ఆపేద్దాం. అంకెలు మాత్రం ఉంచుదాం, కావాల్సినవాళ్లు చూసుకుంటారు."

"నీకు మతిపోయిందా? దేశంలో ఇంతమంది రైతులు వాడే సాధనం ఇంకోటి లేదు. రేపు వేరే జిల్లాలకు పోతున్నాం."

"ఊళ్లలో తాగడానికి నీళ్లు లేకుండా పోతున్నాయి."

"బోర్లు మనం వేశామా? వాళ్లు అడిగింది మనం చూపించాం. చూసి ఏం చేస్తారనేది వాళ్ల సంస్కారం." రఘోత్తమ్ అద్దంలో చూసుకుని కాలరు సర్దుకున్నాడు. ఎవరో ఇంటర్వ్యూకు వస్తున్నారు. "నువ్వే కదయ్యా వాళ్లను చూసి నవ్వేవాడివి. ఇప్పుడేమొచ్చింది?"

తిప్పేస్వామి తలుపు మూసి వచ్చేశాడు. ఆ మనిషి నోట తన మాటలే వినడం కంటే హీనమైనది ఇంకోటి లేదనిపించింది.

తర్వాత కొద్దిరోజులకు, ఎండ బాగా ముదిరిన వేళ, అతని తెర మీద ఎర్రగుంతపల్లిలో ఒక చుక్క ఆరిపోయింది. ఒక్కో గొట్టానికీ ఒక్కో ఆకుపచ్చ చుక్క. తీగ తెగినప్పుడల్లా చుక్క ఆరడం మామూలే. అతను పట్టించుకోలేదు. కాసేపటికి దాని పక్క చుక్క ఆరింది. ఆ తర్వాత దాని పక్కది. మారెన్న చేను, దాని అవతల కుంట గట్టు, ఆపైన రెడ్డోళ్ల మామిడితోట. ఎవరో కాలిబాటన నడుస్తూ దీపాలు ఆర్పుతూ పోతున్నట్టుంది. అక్క తోట దగ్గర మొదలయ్యే ఆ కాలిబాట తిప్పేస్వామికి తెలుసు. ఫోను తీసి అక్కకు చేశాడు.

వెనక చాలామంది ఆడవాళ్ల గొంతులు. "ఊఁ, లాగండి" అని ఎవరో అరిచారు. రాతికి ఇనుము గీసుకున్న చప్పుడు.

"ఏం చేస్తాండావక్కా?"

"చూస్తాండావు గదా ఆడినించి. నన్నడిగేదేముంది?" గంగరత్నమ్మ రొప్పుతోంది. "చుట్టుపక్కల మా చేన్లల్లో ఒక్క గొట్టం ఉంచం. పోలీసులకు చెప్పుకుంటావో, మీ డైరెక్టరుకు చెప్పుకుంటావో చెప్పుకో."

"మ్యాపు పోయినంత మాత్రాన నీళ్లొస్తాయా?"

"రావు. ఎవని చేను కింద ఏముందో తెలీకుంటే పక్కోని మొగం చూసి అడుగుతారు. ఇప్పుడు ఎవడూ ఎవని మొగం చూడ్డంల్యా."

ఇంకో చుక్క ఆరింది. తిప్పేస్వామి చుట్టూ చూశాడు. పక్క కుర్చీల్లోవాళ్లు గమనించి లేచి వస్తున్నారు. రఘోత్తమ్ గది తలుపు తెరుచుకుంది. ఒక్కో గొట్టం ఎంత బరువుంటుందో అతనికి తెలుసు. వాళ్లు అన్నీ పీకేలోగా జీపు అక్కడికి చేరుతుంది.

"అక్కా, విను" అన్నాడు గొంతు తగ్గించి. "అట్ల ఒక్కోటి పీకుతా పోతే సాయంత్రానికి కూడా కాదు. బడి మిద్దె మీద తెల్లపెట్టె ఉండాది. దానికి నల్ల తీగ. ముందు అది కోసేయండి. గొట్టాలు తర్వాత నిదానంగా తీసుకోవచ్చు."

"ఆగండే" అని గంగరత్నమ్మ అవతల లాగుతున్నవాళ్లను ఆపింది.

"నిజమేనా?"

"నిజమే."

ఫోను కట్ అయింది. రఘోత్తమ్ వచ్చి అతని కుర్చీ వెనక నిలబడ్డాడు. ఏమిటిది, ఎలుకలా, దొంగలా అని అడుగుతూనే ఉన్నాడు. కాసేపటికి ఎర్రగుంతపల్లి చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మ్యాపులో ఆ ఊరు ఉన్నచోట నీలం లేదు, మట్టిరంగు లేదు. బూడిదరంగు మాత్రం ఉంది.

"సాంకేతిక లోపమని, రేపటికి సరిచేస్తామని అప్‌డేట్ పెట్టు. ఇప్పుడే."

తిప్పేస్వామి పెట్టాడు. "ఎర్రగుంతపల్లి రైతులు తమ చేలలోంచి మా పరికరాలు తీసేశారు. చేలు వాళ్లవి. మళ్లీ పెట్టే హక్కు మాకు లేదు. తక్కిన ఊళ్లవాళ్లు తీసేయదలుచుకుంటే ఏ తీగ ముందు కోయాలో కింద రాశాం" అని రాసి, నిజంగానే కింద రాసి, అందరి ఫోన్లకూ పంపించాడు. అంత శ్రద్ధగా రాసిన ఆ అప్‌డేట్‌ను ఎప్పటిలాగే దాదాపు ఎవరూ పూర్తిగా చదవలేదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివినవాడు రఘోత్తమ్ ఒక్కడే. ఆయన చదవడం పూర్తయ్యేసరికి తిప్పేస్వామికి ఉద్యోగం లేదు. వాచ్‌మన్ అతన్ని గేటు దాకా సాగనంపాడు.

ఆ వారంలో అటు ఇటు ఊళ్లలో కొన్ని చుక్కలు ఆరాయి. చాలా ఊళ్లలో ఆరలేదు. బోరు బండ్లు ఎర్రగుంతపల్లి దారి వదిలేసి నీలం కనిపించే ఊళ్ల వైపు తిరిగాయి. రఘోత్తమ్ పక్క జిల్లాలో కొత్త కేంద్రం ప్రారంభించాడు. ఆ ఫొటోలో ఆయన సరిగ్గా కెమెరా వైపే చూస్తున్నాడు.

తిప్పేస్వామి అక్క ఊరికి వెళ్లడానికి కొన్నాళ్లు మొహమాటపడ్డాడు. వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. తోట గేటు బార్లా తెరిచి ఉంది. సగం తోట ఎండి, చెట్లు కట్టెలై నిలబడి ఉన్నాయి. ఆ సగానికి నీళ్లు ఆపేయమన్నది గంగరత్నమ్మేనని, ఏ వరసలు చావాలో ఆమే చెట్టుచెట్టునూ తాకి చెప్పిందని అతనికి తర్వాత తెలిసింది. ఆదెప్ప అరుగు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, మొలతాడుకు తాళంచెవి లేదు. చెట్లకు ఆపగా మిగిలిన నీళ్లు పైపులో గేటు బయటికి వస్తున్నాయి. అక్కడ ఊరంతా బిందెలతో బారులు తీరి ఉంది. గంగరత్నమ్మ పైపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, బిందె నిండగానే కాలితో పక్కకు జరుపుతోంది.

బస్సు దిగి నడిచి వచ్చిన తిప్పేస్వామికి నాలుక పిడచకట్టుకుపోయింది. నేరుగా పైపు దగ్గరికి పోయి దోసిలి పట్టబోయాడు.

గంగరత్నమ్మ పైపును పక్కకు తిప్పింది.

"బిందె తెచ్చుకొన్యావా?"

"లేదక్కా. తాగేదానికే."

"తాగేదానికైనా అంతే. వరసలో నిలబడు పో."

అతను వరస చివరికి నడిచాడు. మారెన్న రెండు బిందెలతో నిలబడి ఉన్నాడు. అతని వెనక చోటు ఖాళీగా కనిపిస్తే తిప్పేస్వామి అక్కడ నిలబడబోయాడు. మారెన్న వెనక్కి తిరిగి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఈడ కాదు. పిల్లోల్ల తల్లి ఒకామె బిందె ఈడ పెట్టి ఇంటికాడికి పోయినాది, కనపడ్లేదా? ఇంగా వెనక్కి పో."

నిజమే. కాళ్ల దగ్గర ఒక ఖాళీ బిందె ఉంది. తిప్పేస్వామి దాన్ని తగలకుండా తప్పుకుని, ఇంకా వెనక్కి జరిగి, ఎండలో నిలబడ్డాడు.